పాట తొవ్వలు (ఏడో భాగం): కింగ్‌స్టన్ వాడలు, లండన్ రాక్

ఒకరు కట్టిన పాటను ఇంకొకరు విప్పి మళ్లీ కట్టుకోవడం తెలంగాణలో పాత అలవాటు. నిజాం మీద పోరు నడిచిన 1940లలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల్లో సంఘం మాటలు నింపడం, బండి యాదగిరి కట్టిన ‘బండెనక బండి కట్టి’ మూడు దశాబ్దాల తర్వాత గద్దర్ గొంతులో ‘మా భూమి’ సినిమాకెక్కడం గత భాగంలోని కథ. అక్కడ వరుస నిలిచింది, మాటో సందర్భమో మారింది. ఈ భాగంలోది దానికి తలకిందుల కథ. ఇక్కడ మాటా నిలిచింది, వరుసా నిలిచింది. మారింది కింద నడిచే దరువు.

2003 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లోని ఈజీ స్టార్ రికార్డ్స్ అనే చిన్న కంపెనీ ‘డబ్ సైడ్ ఆఫ్ ది మూన్’ అనే ఆల్బమ్ తెచ్చింది. ఇంగ్లండ్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ 1973లో చేసిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ను మొదటి చప్పుడు నుంచి చివరి పాట దాకా అదే క్రమంలో రెగేలోకి మార్చిన రికార్డు అది. ఒక పాటను ఇంకో పద్ధతిలో పాడటం కొత్త కాదు. ఆల్బమ్ మొత్తాన్ని, అదీ రాక్ అభిమానులు పూజలో పెట్టుకున్న ఆల్బమ్‌ను, పునాది నుంచి తవ్వి మళ్లీ కట్టడం మాత్రం సాహసమే. దానికి కావలసిన పనిముట్లు న్యూయార్క్‌లో పుట్టినవి కావు, లండన్‌లో అంతకన్నా కావు. కరీబియన్ సముద్రంలోని ఒక చిన్న దీవిలో, కరెంటు సామాను బాగుచేసే మనుషుల చేతుల్లో పుట్టాయి.

ఎర్రమట్టి నుంచి ఇరుకు వాడలకు

జమైకాలో 1952లో బాక్సైట్ ఎగుమతి మొదలైంది. అయిదేళ్లు తిరిగేసరికి ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ బాక్సైట్ తవ్వే దేశం అదే అయింది. ఎర్రమట్టి కింద ఖనిజం బయటపడ్డ చోటల్లా అల్యూమినియం కంపెనీలు భూములు కొన్నాయి. ఆ భూముల మీద బతికిన చిన్న రైతులు, కౌలుదార్లు మూటాముల్లె సర్దుకొని కింగ్‌స్టన్ తొవ్వ పట్టారు. ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల కోసం ఊళ్లకు ఊళ్లు లేచిపోవడాన్ని చూసిన కమాన్‌పూర్, రామగిరి మండలాల వాళ్లకు ఈ కథ విడమరచి చెప్పనక్కర్లేదు. తేడా ఒకటుంది. సింగరేణిలో భూమి పోయిన ఇంట్లో కొందరికైనా బావిలో నౌకరీ దొరికింది. జమైకాలో బాక్సైట్ తవ్వకం ఎక్కువగా యంత్రాలదే, మనుషులతో పని తక్కువ. అందుకే పల్లెజనం పట్నం అంచున, ట్రెంచ్‌టౌన్ లాంటి వాడల్లో పోగుపడ్డారు.

ఆ వాడల్లో ఇంటికొక రేడియో కొనే స్తోమత లేదు. హోటళ్లలో వాయించే బ్యాండ్లు టూరిస్టుల కోసం. వాడజనానికి దొరికిన వినోదం సౌండ్ సిస్టమ్. ఒక లారీ, గ్రామఫోన్, యాంప్లిఫయర్, అల్మారా అంత ఎత్తు స్పీకర్ పెట్టెలు. ఖాళీ జాగాలో పెట్టెలు దించి, చుట్టూ కంచె కట్టి, తలుపు దగ్గర టికెట్టు పెట్టేవాళ్లు. లాభం టికెట్టు మీద కన్నా లోపల అమ్మే బీరు, రమ్ము మీదే ఎక్కువ. పెద్ద సౌండ్ యజమానుల్లో ఒకడైన డ్యూక్ రీడ్‌కు సొంత మద్యం దుకాణం ఉండటం కాకతాళీయం కాదు.

రీడ్ పదేళ్లు పోలీసు కొలువు చేసి మానేసినవాడు. నడుముకు తుపాకులు పెట్టుకొని డాన్సుకు వచ్చేవాడు. అతని పెట్టెలు మోసే లారీ పేరు ట్రోజన్. ఎదురు నిలిచినవాడు క్లెమెంట్ డాడ్, అందరూ పిలిచే పేరు కాక్సన్. ఇద్దరి పోటీ ఎవరి దగ్గర ఎవరికీ దొరకని అమెరికన్ రికార్డు ఉందన్నదాని మీద. దానికోసం అమెరికా వెళ్లి దుకాణాలు గాలించేవాళ్లు. తెచ్చిన రికార్డు మీది కాగితాన్ని గీకేసేవాళ్లు, పాట పేరు పక్కవాడి కంట పడకుండా. విల్లిస్ జాక్సన్ అనే శాక్సోఫోన్ వాద్యకారుడి రికార్డు ఒకదానికి కాక్సన్ తన పేరే తగిలించి ‘కాక్సన్ హాప్’ అని ఏళ్లపాటు వాయించాడు. ఒక రాత్రి అదే రికార్డు డ్యూక్ రీడ్ పెట్టెల్లోంచి మోగింది. కాక్సన్ నిలబడ్డచోటే సోలిపోయాడని కింగ్‌స్టన్‌లో ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. కథలో కొంత ఉప్పుకారం కలిసి ఉండొచ్చు. పోటీ తీవ్రత మాత్రం నిజం.

1950ల చివర అమెరికాలో సంగీతం రుచి మారింది. కింగ్‌స్టన్ జనం ఎగిరి ఆడే పాత రిథమ్ అండ్ బ్లూస్ రికార్డులు రావడం తగ్గింది. సరుకు ఆగితే దుకాణం మూతపడుతుంది కనుక రీడ్, కాక్సన్ ఇద్దరూ సొంతంగా పాటలు రికార్డు చేయించడం మొదలుపెట్టారు. స్కా అట్లా వచ్చింది. 1962 ఆగస్టు 6న దేశానికి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు వీధుల్లో మోగింది అదే. 1966 ప్రాంతంలో దరువు నెమ్మదించి రాక్‌స్టెడీ అయింది, 1968కల్లా రెగే అయింది. రెగేలో డ్రమ్ము దెబ్బ మొదటి మాత్ర మీద పడకుండా తప్పుకుంటుంది, గిటారు మాత్రకూ మాత్రకూ నడుమ ఖాళీలో చిటుక్కుమంటుంది. పాట భారమంతా బేస్ గిటారు మోస్తుంది. రాక్‌లో ముందు నిలబడేది గొంతు, గిటారు. రెగేలో అవి వెనక్కి జరిగి, అట్టడుగున ఉండే బేస్ ముందుకొస్తుంది. ముందు ముందు రాక్ ఆల్బమ్‌లకు జరగబోయే మార్పుకు కీలకం ఈ తారుమారులోనే ఉంది.

గొంతు లేని పళ్లెం

డబ్ పుట్టుక ఒక పొరపాటుతో మొదలైంది. 1967, 68 ప్రాంతంలో స్పానిష్ టౌన్ సౌండ్ యజమాని రడ్డీ రెడ్‌వుడ్ డ్యూక్ రీడ్ స్టూడియోకు వచ్చి, పారగాన్స్ బృందం పాడిన ‘ఆన్ ది బీచ్’ను తన డాన్సు కోసం రికార్డు పళ్లెం మీద కోయించుకున్నాడు. కోసే పనిలో ఉన్న బైరన్ స్మిత్ గొంతు ఉన్న ట్రాక్‌ను కలపడం మరిచాడు. రెడ్‌వుడ్ ఆ పళ్లేన్ని పారేయలేదు. ఆ రాత్రి ముందు పాట వాయించి, వెంటనే గొంతు లేని ముక్క వేశాడు. ఆ ఖాళీలో డాన్సుకు వచ్చిన జనమే పాడారు.

వ్యాపారులకు అందులో ఇంకో లెక్క కనబడింది. రికార్డుకు రెండు పక్కలు. రెండో పక్కకు కొత్త పాట కట్టించాలంటే రచయిత, గాయకుడు, వాద్యకారులు, స్టూడియో కిరాయి. మొదటి పక్క పాటలోంచే గొంతు తీసేసి దానికి ‘వెర్షన్’ అని పేరు పెడితే ఖర్చు సున్నా. కొత్త కళ అంటూ గొప్పగా రాసేవాళ్లు ఈ సున్నాను దాటేస్తారు కానీ, డబ్‌ను నిలబెట్టింది చాలావరకు ఆ పొదుపే.

పొదుపును విద్యగా మార్చినవాడు ఓస్బోర్న్ రుడాక్. జనం అతన్ని కింగ్ టబ్బీ అన్నారు. ఏ వాద్యమూ వాయించడు. రేడియోలు, ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేయడం అతని వృత్తి. కొంతకాలం డ్యూక్ రీడ్ దగ్గర పళ్లేలు కోశాడు. 1970ల మొదట్లో డైనమిక్ సౌండ్స్ స్టూడియో పక్కన పెట్టేసిన నాలుగు ట్రాకుల మిక్సింగ్ బల్లను కొని, వాటర్‌హౌస్ వాడలో డ్రోమిలీ అవెన్యూలోని తన ఇంట్లోనే బిగించాడు. స్నానాల గది గాయకుల గది అయింది. ఆ ఇంట్లో వాద్యబృందం కూర్చునే చోటే లేదు. పాట వేరేచోట రికార్డయి టేపు రూపంలో అక్కడికి వచ్చేది.

టేపు మీద డ్రమ్ము, బేస్, గిటారు, గొంతు వేర్వేరు దారుల్లో ఉంటాయి. పాట నడుస్తుండగానే టబ్బీ మీటలు లాగేవాడు. గొంతు ఒక్క మాట పలికి తెగిపోతుంది, ఆ చివరి అక్షరం ప్రతిధ్వనిలో పడి దూరంగా దొర్లిపోతుంది. గిటారు ఒకసారి మెరిసి మాయమవుతుంది. అన్నీ పోయాక డ్రమ్ము, బేస్ మిగులుతాయి. ఇదంతా చేత్తో, అప్పటికప్పుడు చేసే పని కనుక రెండోసారి కలిపితే రెండో రకం పాట వస్తుంది. మిక్సింగ్ చేసేవాడి పేరు గాయకుడి పేరుకు సమానంగా రికార్డు మీద అచ్చు కావడం లోకంలో ఇక్కడే మొదలైందనవచ్చు. అగస్టస్ పాబ్లోతో కలిసి చేసిన ‘కింగ్ టబ్బీస్ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్’ 1976లో వచ్చింది. ఇంకో దిక్కున లీ ‘స్క్రాచ్’ పెర్రీ 1973లో సొంత ఇంటి పెరట్లో బ్లాక్ ఆర్క్ స్టూడియో కట్టుకొని, టబ్బీ నిగ్రహానికి పూర్తి వ్యతిరేకంగా, ధ్వని మీద ధ్వని పేర్చుకుంటూ పోయాడు. 1989 ఫిబ్రవరిలో టబ్బీని అతని ఇంటి ముందే ఎవరో కాల్చి చంపారు.

టబ్బీ మీటలు లాగుతున్న ఆ కాలంలోనే, 1972లో, హైదరాబాద్‌లో జన నాట్యమండలి అనే పాటల బృందం మొదలైంది. ఒకచోట పాటలోంచి మాటను తీసేస్తున్నారు, ఇంకోచోట పాత వరుసలో కొత్త మాట పోస్తున్నారు. రెండుచోట్లా ఏ పాటా పూర్తయిపోయిన పాట కాదు.

ఇచ్చిపుచ్చుకోళ్లు

1948 జూన్‌లో ఎంపైర్ విండ్‌రష్ ఓడ దిగిన నాటి నుంచి జమైకా వాళ్లు బతుకుతెరువుకు ఇంగ్లండ్ చేరుతూనే ఉన్నారు. నల్లవాళ్లను రానివ్వని క్లబ్బులు చాలా ఉండేవి. అందుకని ఇళ్ల అడుగు గదుల్లోనే స్పీకర్లు పెట్టుకున్నారు. 1968లో లండన్‌లో పెట్టిన ఒక రికార్డు కంపెనీ డ్యూక్ రీడ్ లారీ పేరునే తీసుకొని ట్రోజన్ అయింది. కింగ్‌స్టన్ గాయకులు బీటిల్స్ పాటల్ని రెగేలో పాడటం, వాటిని ట్రోజన్ లాంటి కంపెనీలు ఇంగ్లండ్‌లో అమ్మడం అప్పటి నుంచే ఉంది. అవి ఒక్కో పాటకు ఒక్కో రికార్డు, డాన్సు కోసం, ఇంట్లో వినడం కోసం. ఎవరూ వాటిని పెద్ద ప్రయోగమనుకోలేదు.

1973 ఈ కథకు నడిమి గుంజ లాంటి ఏడాది. రోలింగ్ స్టోన్స్ అంతకుముందు ఏడాది చివర్లో కింగ్‌స్టన్ వెళ్లి డైనమిక్ సౌండ్స్‌లో రికార్డు చేసుకున్న ‘గోట్స్ హెడ్ సూప్’ ఆ ఏడే వచ్చింది. బాబ్ మార్లే బృందం వెయిలర్స్ కింగ్‌స్టన్‌లో రికార్డు చేసిన టేపులకు ఐలాండ్ రికార్డ్స్ యజమాని క్రిస్ బ్లాక్‌వెల్ లండన్‌లో రాక్ గిటారు, కీబోర్డు అతికించి ‘క్యాచ్ ఎ ఫైర్’గా అమ్మిందీ ఆ ఏడే. వెయిన్ పెర్కిన్స్ అనే అమెరికన్ గిటారిస్టు, రెగే అంటే ఏమిటో సరిగా తెలియకుండానే, ఆ గిటారు వాయించిపెట్టాడు. రెగేను రాక్ శ్రోతల కోసం పాలిష్ పట్టారన్న మాట. మరుసటేడు ఎరిక్ క్లాప్టన్ మార్లే పాట ‘ఐ షాట్ ది షెరిఫ్’ను పాడి అమెరికా పట్టికలో మొదటి స్థానానికి తీసుకుపోయాడు. 1977లో క్లాష్ బృందం జూనియర్ మర్విన్ పాడిన ‘పోలీస్ అండ్ థీవ్స్’ను పంక్ చేసింది. ఇవన్నీ రెగే నుంచి రాక్‌కు నడిచిన సరుకు. డబ్బు ఎక్కువగా చేరింది కూడా ఆ వైపుకే.

ఎదురు తొవ్వలో, రాక్‌ను రెగేలోకి తెచ్చినవాళ్లను మొదట ఎవరూ గంభీరంగా తీసుకోలేదు. దానికి కాలిఫోర్నియా బృందం డ్రెడ్ జెపెలిన్ కారణం కొంత. 1990లో వచ్చిన వాళ్ల ‘అన్-లెడ్-ఎడ్’ ఆల్బమ్‌లో లెడ్ జెపెలిన్ పాటలు రెగే దరువులో ఉంటాయి, పాడేది ఎల్విస్ ప్రెస్లీ వేషం కట్టిన గాయకుడు. జనం నవ్వుకున్నారు, కొన్నారు, మరిచారు. వాయింపులో పస ఉన్నా వేషం దాన్ని మింగేసింది. బ్రిటన్‌లో మ్యాడ్ ప్రొఫెసర్ దారి వేరు. గయానాలో పుట్టి లండన్ చేరిన నీల్ ఫ్రేజర్ అతను. 1995లో మాసివ్ అటాక్ బృందపు ‘ప్రొటెక్షన్’ ఆల్బమ్‌ను విడగొట్టి ‘నో ప్రొటెక్షన్’ చేశాడు. అది రాక్ కాదు, పైగా ఆ బృందమే టేపులిచ్చి చేయించుకుంది. అయితే ఆల్బమ్ మొత్తాన్ని డబ్ చేసి, దాన్ని ఇంకో ఆల్బమ్‌గా నిలబెట్టవచ్చని ఆ పని రుజువు చేసింది.

నాణేల గలగల బదులు దగ్గు

ఈజీ స్టార్‌ను 1990ల నడుమ న్యూయార్క్‌లో మొదలుపెట్టినవాళ్లు నలుగురు మిత్రులు. వాళ్లలో లెమ్ ఒపెన్‌హైమర్‌కు పింక్ ఫ్లాయిడ్ వింటుండగా రెగే ఆలోచన తట్టింది. మోసింది మాత్రం మైకేల్ గోల్డ్‌వాసర్. గిటారు వాయిస్తాడు, వాద్యాల కూర్పు చేస్తాడు. తోడుగా టిక్లా పేరుతో పనిచేసే విక్టర్ ఆక్సెల్‌రాడ్ నిలిచాడు. ఆలోచన నుంచి రికార్డు దాకా మూడేళ్లకు పైగా పట్టింది.

ఎంచుకున్న ఆల్బమ్ మామూలుది కాదు. ‘డార్క్ సైడ్’ అమెరికా పట్టికలో 1988 దాకా మొత్తం 741 వారాలు ఉంది. కానీ ఎంపిక వెనక అమ్మకాల లెక్క ఒక్కటే చూడటం పొరపాటు. పింక్ ఫ్లాయిడ్ పాటలు నెమ్మదివి, ఖాళీలున్నవి. రెగే దరువుకు ఆ ఖాళీలు కావాలి. పైగా ఆబీ రోడ్ స్టూడియోలో అలన్ పార్సన్స్ ఇంజినీరుగా ఉండగా పింక్ ఫ్లాయిడ్ చేసిన పనికీ, వాటర్‌హౌస్‌లో టబ్బీ చేసిన పనికీ బంధుత్వం ఉంది. గడియారాల మోత, నాణేల గలగల, గుండె చప్పుడు, టేపు ముక్కలు కోసి అతికించిన చుట్టలు, ప్రతిధ్వనులు ఆ ఆల్బమ్ నిండా ఉన్నాయి. ఒకరిది ఖరీదైన స్టూడియో, ఇంకొకరిది పాత బల్ల. స్టూడియోనే వాద్యం చేసుకోవడం ఇద్దరికీ ఒకటే. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఒకే కాలంలో చేసిన పనుల్ని ముప్పై ఏళ్ల తర్వాత గోల్డ్‌వాసర్ కలిపాడు.

పనిలో చిక్కులు లేకపోలేదు. ‘మనీ’ పాట ఏడు మాత్రల నడక. రెగే నాలుగు మాత్రల బిడ్డ. నాలుగులోకి దించేస్తే పని సులువయ్యేది, పాట పోయేది. ఏడునే ఉంచి, దాని మీదే రెగేను నడిపించారు. అసలు పాట మొదట్లో నాణేలు, గల్లాపెట్టెల మోత ఉంటుంది. కొత్తదానిలో ఆ చోట గంజాయి గొట్టం బుడగలు, దగ్గు వినిపిస్తాయి. రెగే అనగానే గంజాయేనా అని విసుక్కున్నవాళ్లున్నారు, ఆ విసుగులో న్యాయముంది. అన్నట్టు జమైకాకు గంజాయి అలవాటును తెచ్చింది 1845 నుంచి 1917 దాకా అక్కడికి చేరిన 36,000 మందికి పైగా భారతీయ ఒప్పంద కూలీలేనని చరిత్రకారులు చెబుతారు. తోటల్లో పనికి ఓడలెక్కి పోయిన ఆ కూలీల సంతతి ఇప్పటికీ ఆ దీవిలో ఉంది.

‘టైమ్’లో కోరీ హ్యారిస్ పాడుతుంటే ర్యాంకింగ్ జో మధ్యలో దూరి మాటల దరువు వేస్తాడు. సౌండ్ సిస్టమ్ దగ్గర మైకు పట్టుకొని రికార్డు మీద మాట్లాడిన పాత జమైకా పద్ధతి అది. ‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’లో మాటల్లేని ఆక్రోశాన్ని కర్స్టీ రాక్ తీసుకుంది. చివరి పాటకు మెడిటేషన్స్ త్రయం వచ్చింది. పాత తరం జమైకా గొంతుల్ని పిలవడం తెలివైన పని. రాక్ అభిమాని ఎన్నడూ వినని పేర్లు అతని ఇంట్లోకి వచ్చాయి.

రికార్డు అమెరికా రెగే పట్టికలో ఏళ్ల తరబడి కదలకుండా కూర్చుంది. ఆ పాటల్ని ఊరూరా వాయించడానికి ఈజీ స్టార్ ఆల్-స్టార్స్ అనే బృందం తిరగసాగింది. 2006లో రేడియోహెడ్ ‘ఓకే కంప్యూటర్’ను ‘రేడియోడ్రెడ్’ చేశారు. అందులో జమైకా గాయకుడు టూట్స్ బృందం పాడిన ‘లెట్ డౌన్’ వింటే అది మొదటి నుంచీ జమైకా పాటేననిపిస్తుంది. 2009లో బీటిల్స్ ‘సార్జంట్ పెప్పర్’ వంతు. సితారు, తబలాలతో జార్జ్ హారిసన్ కట్టిన ‘వితిన్ యూ వితౌట్ యూ’ను యూదు రెగే గాయకుడు మటిస్యాహు పాడాడు. హిందూస్థానీ ఛాయ ఉన్న లండన్ పాట కింగ్‌స్టన్ దరువు మీద న్యూయార్క్‌లో మళ్లీ పుట్టింది. 2012లో మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’, 2023లో డేవిడ్ బోవీ ‘జిగ్గీ స్టార్‌డస్ట్’ వరుసకట్టాయి. అప్పటికి ఎత్తు పాతబడింది. ఏ ఆల్బమ్ వస్తుందోనన్న కుతూహలం, వచ్చాక పాట వినే కుతూహలం కన్నా పెద్దదైపోయింది. మొత్తం వరసలో నిలిచేది మొదటిదే.

పేరులో డబ్ ఉన్నా వీటిలో ఎక్కువ భాగం డబ్ కాదు, రెగే. టబ్బీ అప్పటికే ఉన్న పాటలోంచి వాద్యాల్ని తీసేశాడు. వీళ్లు లేని వాద్యాల్ని తెచ్చి కట్టారు. 2010లో అదే ‘డబ్ సైడ్’ను వేరే వేరే మిక్సర్ల చేతికిచ్చి ‘డబ్బర్ సైడ్ ఆఫ్ ది మూన్’గా మళ్లీ విడగొట్టించడం చూస్తే ఆ తేడా కంపెనీకీ తెలిసినట్టే ఉంది.

డబ్బుల దగ్గర కథ మళ్లీ వంకర తిరుగుతుంది. అమెరికా చట్టం ప్రకారం ఒకసారి రికార్డుగా విడుదలైన పాటను, దాని మూల స్వభావం చెడకుండా, ఎవరైనా మళ్లీ పాడి అమ్ముకోవచ్చు. నిర్ణయించిన రాయల్టీ కడితే చాలు. ఆ లెక్కన ‘డబ్ సైడ్’ ప్రతి కాపీ మీదా అసలు పాటల హక్కుదారులకు సొమ్ము ముడుతుంది. కింగ్‌స్టన్ వాద్యకారులకు ఇలాంటి రక్షణ ఉండేది కాదు. పాటకు ఇంత అని కూలి తీసుకొని ఇంటికి పోయేవాళ్లు. వాళ్లు కట్టిన ఒక్కో దరువు మీద పదుల కొద్దీ పాటలు వచ్చినా వాళ్లకు పైసా చేరేది కాదు. జమైకా 1911 నాటి బ్రిటిష్ చట్టాన్ని వదిలి సొంత కాపీరైట్ చట్టం తెచ్చుకున్నది 1993లో. అప్పటికి టబ్బీ పోయి నాలుగేళ్లు.

భారతదేశంలో 1957 చట్టం కూడా ఇలాంటి వెర్షన్ రికార్డింగులకు దారి ఇచ్చింది. క్యాసెట్ల కాలంలో ఆ దారిన నడిచిన వ్యాపారం ఎంత పెరిగిందంటే, 2012 సవరణతో మొదటి రికార్డింగు వెలువడిన ఏడాది తర్వాత అయిదేళ్లు ఆగాలన్న షరతు పెట్టవలసి వచ్చింది. సినిమాల్లో రీమిక్సుల సంగతి వేరు. 1992లో ‘ఘరానా మొగుడు’కు కీరవాణి కట్టిన ‘బంగారు కోడిపెట్ట’ను 2009లో ‘మగధీర’ కోసం మళ్లీ కట్టింది కీరవాణే.

వచ్చే భాగం అక్కడి నుంచి మొదలవుతుంది. 1980లలో చవక క్యాసెట్లు జానపద పాటను వ్యాపారంలోకి ఎట్లా లాగాయి, చిరంజీవి పాటలు ఆయన కొడుకు తరం హీరోల సినిమాల్లో ఒకదాని వెనక ఒకటి రీమిక్సులుగా ఎందుకు వచ్చాయి, గోదావరిఖని, సెంటినరీ కాలనీ పెండ్లి బరాతుల్లో డీజే బాక్సులు వచ్చి డప్పు దరువును ఎట్లా మార్చాయి అన్నది ఎనిమిదో భాగం.